పాల లెక్క ఉంది, పేడ లెక్క ఏది? – చిత్తూరు, తిరుపతి జిల్లాల అధికారులకు, పాల కంపెనీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు, కాలుష్య నియంత్రణ మండలి, పశుసంవర్ధక శాఖ, గ్రామీణ నీటి సరఫరా శాఖల అధికారులకు, మా జిల్లాల్లో పాలు సేకరిస్తున్న కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం. మేం పలమనేరు వైపు ఒక పల్లెలో పాడి మీద బతికే రైతులం. నాకు నాలుగు ఆవులున్నాయి. మా వీధిలో ఆవు లేని ఇల్లు తక్కువ. వాన రాకపోతే చెనక్కాయ (వేరుశనగ) పోతుంది, ధర లేకపోతే టమాటా రోడ్డు మీద పారబోస్తాం. పాల బిల్లు మాత్రం పదిహేను రోజులకోసారి చేతికొస్తుంది. పిల్లల ఫీజులు, డ్వాక్రా కంతులు, ఆస్పత్రి ఖర్చులు దాని మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఈ లేఖ పాడికి వ్యతిరేకంగా రాసింది కాదని ముందే చెబుతున్నాను. పాడి నిలబడాలనే రాస్తున్నాను.

సంగతి ఇది. మా చెరువుకు ఎగువన కొన్నేళ్ల కిందట ఒక పెద్ద డెయిరీ ఫారం వచ్చింది. అందులో వందకు పైగా హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాల జాతి) ఆవులున్నాయి. రోజుకు రెండు పూటలా పైపు పెట్టి షెడ్డు కడుగుతారు. పేడ, మూత్రం, కడిగిన నీళ్లు అన్నీ కలిసి ఒక కాలువ గుండా వంకలోకి వస్తాయి, వంక నుంచి చెరువులోకి చేరతాయి. ఊరంతా కలిసి అర్జీ పెట్టుకున్నాం. ఒక ఆఫీసులో ఇది ఫ్యాక్టరీ కాదు, పశువుల పెంపకం, మా పరిధిలోకి రాదన్నారు. ఇంకో ఆఫీసులో మేం వైద్యం చేస్తాం, టీకాలు వేస్తాం, నీళ్ల సంగతి మాకు తెలియదన్నారు. మూడో చోట పంచాయతీలోనే తేల్చుకోమన్నారు. చివరికి మీ అర్జీ పరిష్కరించబడిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. వంకలో నల్లనీళ్లు ఆగలేదు. అందుకే అందరికీ కలిపి ఈ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ఫారం పేరు, యజమాని పేరు ఇక్కడ రాయడం లేదు. అవి అర్జీలో ఉన్నాయి. పైగా ఇది ఆ ఒక్క ఫారంతో తీరే సమస్య కాదు.

మా ఊళ్లలో జరుగుతున్నదేమిటో ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. ముందుగా పేడ సంగతి. పేడను మేం ఎప్పుడూ చెత్త అనుకోలేదు. దిబ్బలో వేసి మాగబెట్టి, ఎండాకాలంలో బండ్లతో, ట్రాక్టర్లతో పొలానికి తోలేవాళ్లం. ఇప్పటికీ మామిడి తోటల వాళ్లు, టమాటా రైతులు లోడు లెక్కన డబ్బులిచ్చి కొంటున్నారు. గట్టిగా ఉన్నంతసేపు పేడ ఆస్తి. దాన్ని నీళ్లతో కడిగి జారుడుగా చేసిన రోజు నుంచే సమస్య మొదలైంది. ఇలా నీళ్లు కలిసి జారుడైన పేడనే స్లర్రీ అంటారు. దాన్ని తట్టలో ఎత్తలేం, ట్రాక్టర్‌లో తోలలేం, దిబ్బలో మాగబెట్టలేం. పల్లానికి వదిలేయడమే సులువు. కూలి మనుషులు దొరక్క, దొరికినా ఖర్చు భరించలేక పెద్ద ఫారాలన్నీ ఈ పద్ధతికి వచ్చాయి. 400 కిలోల బరువున్న పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ, దాదాపు అన్నే లీటర్ల మూత్రం వదులుతుందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అంటే వంద ఆవుల షెడ్డు నుంచి రోజుకు ఒకటిన్నర, రెండు టన్నుల పేడ వస్తుంది. ఏడాదికి 500 టన్నులు దాటుతుంది. ఆ ఫారం నుంచి ఎన్ని లీటర్ల పాలు వచ్చాయో, వెన్న శాతం ఎంతో, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాకుండా పాలలో ఉండే ఘన పదార్థాలు) ఎంతో పూటపూటకూ కంప్యూటర్లో ఎక్కుతోంది. ఈ 500 టన్నులు ఎక్కడికి పోయాయో రాసే పుస్తకం మాత్రం ఏ ఆఫీసులోనూ మాకు కనబడలేదు.

2. చెరువు పాడైంది. నీళ్లలో ఎంత కుళ్లు ఉందో కొలవడానికి బి.ఓ.డి. అనే లెక్క ఉంది. ఆ కుళ్లును సూక్ష్మజీవులు తినేయడానికి నీటిలోని ఆక్సిజన్ ఎంత ఖర్చవుతుందో అది చెబుతుంది. వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. మనుషుల మురుగునీటిలో 200, 300 ఉంటుంది. పశువుల స్లర్రీలో 10 వేలు దాటుతుంది. పాలలోనైతే దాదాపు లక్ష ఉంటుంది. కాబట్టి శీతలీకరణ కేంద్రాల్లో ట్యాంకులు కడిగిన నీళ్లు, విరిగిపోయి పారబోసిన పాలు కూడా తేలిగ్గా తీసుకునేవి కావు. పేడలోని నత్రజని, భాస్వరం తిని మా చెరువు పచ్చగా నాచు పట్టింది, గుర్రపుడెక్క అల్లుకుంది. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. అందుకే చేపలు తెల్లవారుజామున నోళ్లు తెరిచి పైకి తేలి చస్తున్నాయి. చేపల పాట పాడుకున్నవాళ్లు నష్టపోయారు. చాకిరేవు ఆగిపోయింది. ఆ నీళ్లు పారే కయ్యల్లో వరి ఏపుగా పెరిగి పడిపోతోంది, తెగుళ్లు ఎక్కువయ్యాయి. మా ప్రాంతంలో చెరువులన్నీ గొలుసుకట్టు. పైచెరువు నిండి కలుజు (అలుగు) పారితే ఆ నీళ్లు కిందిచెరువులోకే వెళ్తాయి. మా ఊరితో ఆగే వ్యవహారం కాదు ఇది. కుప్పం వైపు వంకలు పాలారులో కలుస్తాయి, చిత్తూరు వైపువి నీవాలో, చంద్రగిరి వైపువి స్వర్ణముఖిలో.

3. తాగే నీళ్లు. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి. ఎందుకంటే చెరువు పాడైతే కంటికి కనిపిస్తుంది, బోరు పాడైతే కనిపించదు. గుంటల్లో నిలిచిన స్లర్రీ భూమిలోకి ఇంకినప్పుడు అందులోని నత్రజని నైట్రేట్‌గా మారి నీటితో పాటు కిందికి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ప్రమాదం. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి కోల్పోయి బిడ్డ నీలంగా మారుతుంది. కాచి తాగితే పోతుందని చాలామంది తల్లులు అనుకుంటున్నారు. నైట్రేట్ కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ వేసినా పోదు. ఆర్.ఓ. ప్లాంటు నీళ్లలో తగ్గుతుంది, కానీ క్యాను కొనుక్కోగలిగిన ఇంటికే ఆ రక్షణ. కొనలేని ఇల్లు చేతిపంపు నీళ్లే తాగుతోంది. ఫారాల పక్కనున్న బోర్లలో నైట్రేట్ పరీక్ష చేసి, ఫలితాలు పంచాయతీ గోడ మీద అతికించమని అడిగాం. ఇది కూడా పెద్ద కోరికేనా?

4. నీళ్ల వాడకం. పాలిచ్చే హెచ్.ఎఫ్. ఆవు వేసవిలో రోజుకు 80 నుంచి 100 లీటర్ల దాకా తాగుతుంది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి ఇవ్వాలనుకున్నది రోజుకు 55 లీటర్లు. ఆవు తాగేది తప్పని నేననడం లేదు, అది తాగకపోతే పాలే లేవు. అసలు నీళ్లు పోయేది మేతకు. లీటరు పాల వెనక ప్రపంచ సగటున సుమారు వెయ్యి లీటర్ల నీళ్లున్నాయని అంచనా. అందులో ఎక్కువ భాగం మేత పెరగడానికి పట్టే వాననీరే. మా దగ్గర చెనక్కాయ సాగు తగ్గిపోవడంతో వాననీటితో పెరిగే చెనక్కట్టె కూడా తగ్గింది. దాని చోటుకు బోరు నీటితో పెరిగే సూపర్ నేపియర్ గడ్డి, సైలేజ్ (పాతర మేత) కోసం వేసే మొక్కజొన్న వచ్చాయి. నేపియర్‌కు ఎండాకాలంలో వారం పది రోజులకోసారి తడి ఇవ్వాల్సిందే. పెద్ద ఫారం వాళ్లు లోతుగా నాలుగైదు బోర్లు వేస్తే, పక్క రైతు బోరు ఎండిపోతుంది. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇలాంటివి ఆపడానికే కదా.

5. ఇంకో ప్రమాదం గురించి రైతు సోదరులకు కూడా చెప్పాలి. స్లర్రీని వదిలించుకోవడానికి అదే నేపియర్ మడికి ఏడాది పొడవునా పారించేవాళ్లున్నారు. మితిమీరిన నత్రజనితో గడ్డిలో నైట్రేట్ పేరుకుంటుంది. బెట్ట తగిలినప్పుడు మరీ ఎక్కువవుతుంది. ఆ గడ్డి మేసిన ఆవు ఉన్నట్టుండి కూలబడి చచ్చిపోవచ్చు. ఏం తిన్నదో తెలియక, దిష్టి తగిలిందనో, పాము కరిచిందనో అనుకుని ఊరుకుంటున్నారు.

6. చచ్చిన పశువులు, మగదూడలు. ఒకప్పుడు కళేబరాలను రాబందులు శుభ్రం చేసేవి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో ఆ మందును పశువులకు నిషేధించారు గానీ పక్షులు తిరిగి రాలేదు. ఇప్పుడు కళేబరాలను వంకల్లో, అడవి అంచుల్లో పడేస్తున్నారు. కుక్కల గుంపులు పెరిగాయి. కౌండిన్య అభయారణ్యం పక్కన ఇలా చేయడం అడవికీ మంచిది కాదు, ఊరికీ మంచిది కాదు. సంకరజాతి మగదూడలను రోడ్ల పాలు చేయడం మీకూ తెలిసిందే. అవి తిరుపతి శివార్లలో ప్లాస్టిక్ తిని చస్తున్నాయి.

7. వాతావరణం సంగతి. ఆవు నెమరువేసినప్పుడు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. మన ప్రాంతపు పాడి ఆవుకు ఏడాదికి 58 కిలోలని ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో లెక్క కట్టారు. నూరేళ్ల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 28 రెట్లు. అంటే ఒక ఆవు ఏడాదికి విడిచేది 600 లీటర్ల డీజిల్ కాల్చినంత. స్లర్రీ గుంటల్లో గాలి తగలక కుళ్లే పేడ నుంచి వచ్చేది దీనికి అదనం. ఈ అంకెలు చూపి నాలుగు ఆవులున్న రైతును దోషిగా నిలబెడితే మేం ఒప్పుకోం. కానీ అంకెలు అబద్ధమని కూడా అనం. ఎండ పెరిగితే మొదట నష్టపోయేది మేమే. 40 డిగ్రీలు దాటిన రోజుల్లో హెచ్.ఎఫ్. ఆవు మేత మానేసి రొప్పుతుంది, పాలు పడిపోతాయి, చూడి నిలవదు. పైగా ఆ మీథేన్ మేం కొన్న దాణాలోంచి పోయిందే. మేతలోని శక్తిలో వందకు ఆరు వంతుల దాకా అలా గాలిలో కలుస్తోంది. దీన్ని తగ్గించే దారి మన పక్కనే ఉంది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ 2021లో ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమం తయారు చేసింది. అది మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని సంస్థ చెప్పింది. పలమనేరు నుంచి బెంగళూరుకు బస్సెక్కితే పూటలో చేరతాం. ఆ మిశ్రమం మాత్రం ఇన్నేళ్లకూ మా పాల కేంద్రానికి చేరలేదు.

ఇక్కడ ఒక మాట. పాత నాటు ఆవులకు, పుంగనూరు ఆవులకు తిరిగి వెళ్లిపోతే అన్నీ సర్దుకుంటాయని కొందరు పెద్దలు సభల్లో అంటున్నారు. పుంగనూరు ఆవు మా జిల్లా బిడ్డ. తక్కువ మేతతో, ఈ ఎండల్లోనే బతుకుతుంది. దాన్ని కాపాడుతున్న పలమనేరు పరిశోధన కేంద్రానికి దండం పెడతాను. కానీ రోజుకు మూడు నాలుగు లీటర్ల పాలతో ఇప్పుడున్న అప్పులు తీరవు. లీటరుకు లెక్క వేస్తే, బాగా మేపిన పాల ఆవు కంటే తక్కువ పాలిచ్చే ఆవు నుంచే మీథేన్ ఎక్కువ. కాబట్టి జాతి మార్చమని మాకు చెప్పి చేతులు దులుపుకోవద్దు. మేత, పేడ, నీళ్లు ఈ మూడింటి నిర్వహణ మార్చడానికి సాయం చేయండి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1974 నీటి చట్టంలోని 24వ సెక్షన్ వాగుల్లోకి, బావుల్లోకి కలుషితాలు వదలకూడదంటోంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలతో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డెయిరీ ఫారాలకు, గోశాలలకు 2020లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో సవరించింది. పేడను కంపోస్టుకో బయోగ్యాస్‌కో వాడాలని, శుద్ధి చేయని నీళ్లను బయటికి వదలొద్దని వాటిలో ఉంది. ఇవి వచ్చాయన్న సంగతే మా మండలంలో ఎవరూ చెప్పలేదు. అర్జీ పట్టుకుని వెళ్తే మా పరిధి కాదనే మాట ఇకమీదట చెల్లదు.

మేం అడిగేవి ఇవి:

1. రెండు జిల్లాల్లోని పెద్ద డెయిరీ ఫారాలు, గోశాలలు, పాల శీతలీకరణ కేంద్రాలన్నింటినీ మూడు నెలల్లో లెక్కించండి. ఎన్ని పశువులు, పేడ ఎక్కడికి పోతోంది, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఎన్ని బోర్లు ఉన్నాయి అన్నది రాసి గ్రామసభలో చదివి వినిపించండి. రెండు మూడు పశువులున్న ఇళ్ల మీద లైసెన్సులు, జరిమానాలు రుద్దొద్దు. తనిఖీ పెద్ద షెడ్ల నుంచి మొదలుకావాలి.

2. ఏ అర్జీ ఏ శాఖది అన్న గొడవ లేకుండా ప్రతి మండలానికీ ఒక అధికారిని బాధ్యుడిగా పెట్టండి. అర్జీదారు సంతకం చేయకుండా పరిష్కరించబడిందని రాయకూడదు.

3. పెద్ద ఫారాల్లో ముందు పేడ ఎత్తి, ఆ తర్వాతే కడగాలని షరతు పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే స్లర్రీ చాలా తగ్గుతుంది. మిగిలిన నీళ్లకు అడుగు గట్టి చేసిన గుంటలు, వాటి నుంచి పొలాలకు మోతాదుగా పారించే ఏర్పాటు ఉండాలి. ఇవి లేని ఫారానికి గడువివ్వండి. గడువు దాటితే ఆ ఫారం పాలు తీసుకోవద్దని కంపెనీలకు చెప్పండి.

4. ఉపాధి హామీ నిధులతో గోకులం షెడ్లు (పశువుల కొట్టాలు) కట్టించారు, మంచి పని. ప్రతి షెడ్డుకూ ఒక పేడ గుంట, వీలున్న చోట బయోగ్యాస్ ప్లాంటు కలపండి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ చాలు, అంటే మూడు నాలుగు ఆవుల పేడ. నలుగురైదుగురున్న ఇంటి వంటకు ఆ గ్యాస్ సరిపోతుంది. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకరియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చేయూతతో ఆడవాళ్లే సంఘం పెట్టుకుని, ఇంటి గ్యాస్ వాడుకుంటూ, మిగిలిన స్లర్రీని ఎరువుగా అమ్ముకుంటున్నారు. కొట్టంలో పేడ ఎత్తేది, పాలు పిండేది మా దగ్గర కూడా ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ఆదాయం వాళ్ల చేతికి వచ్చే ఏర్పాటు చేయండి. పాతికేళ్ల కిందట కట్టిన గోబర్ గ్యాస్ డోములు రిపేరు చేసేవాళ్లు లేక మూలపడ్డాయి. కాబట్టి ప్లాంటుతో పాటు మండలానికొక మెకానిక్‌కు శిక్షణ ఇవ్వడం మరవొద్దు.

5. ఫారాల చుట్టుపక్కల బోర్లకు, చేతిపంపులకు వానలకు ముందు, వానల తర్వాత నైట్రేట్ పరీక్ష చేయండి. ఫలితం అంగన్‌వాడీ గోడ మీద తెలుగులో రాయండి. 45 దాటిన చోట పసిబిడ్డలున్న ఇళ్లకు వెంటనే వేరే నీళ్లు ఇవ్వండి.

6. పాల కంపెనీలకు మా విన్నపం కాస్త గట్టిదే. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడ్డాక మా పాలకు ధర నిర్ణయించేది ఎక్కువగా మీరే. వెన్నకు, ఎస్.ఎన్.ఎఫ్.కు ధర కట్టే మీరు పేడను పద్ధతిగా వాడుకునే రైతుకు లీటరుకు కొంత అదనంగా ఇవ్వండి. సమతుల దాణా, మీథేన్ తగ్గించే మిశ్రమాలు మీ కేంద్రాల్లోనే సరసమైన ధరకు పెట్టండి. ఈ ఖర్చు మా పాల బిల్లులో కోయొద్దు. సగం పైసలు ఇప్పటికే దాణాకు పోతున్నాయి.

7. తిరుమల తిరుపతి దేవస్థానం వారికీ ఒక విన్నపం. శ్రీవారి ప్రసాదాలకు మీరు టన్నుల కొద్దీ నెయ్యి కొంటున్నారు. ఆవు పాల నుంచైతే కిలో నెయ్యికి 25 లీటర్ల దాకా పాలు కావాలి. నెయ్యి స్వచ్ఛతకు పెట్టే షరతులతో పాటు, ఆ పాలు వచ్చిన చోట నీళ్లు పాడు చేయడం లేదన్న ధ్రువీకరణ కూడా టెండరులో అడగండి. మీరు అడిగితే కంపెనీలు కాదనలేవు.

8. మండలానికొక చోట కళేబరాలు పూడ్చడానికి స్థలం, తీసుకెళ్లడానికి బండి ఏర్పాటు చేయండి. ఆడదూడలే పుట్టేలా వేసే వీర్యం సబ్సిడీ మీద అన్ని ఊళ్లకూ అందించండి, మగదూడలు వీధిన పడటం తగ్గుతుంది.

ఈ నెలలోనే ఒకరోజు మీరు అందరూ కలిసి మా చెరువు కట్ట మీదికి రండి. నీళ్లు అక్కడికక్కడే సీసాల్లో పట్టి పరీక్షకు పంపించండి. ఫారం యజమానినీ పిలవండి, ఆయన మాట కూడా ఊరంతా వింటుంది. రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఆ జవాబును పంచాయతీ ఆఫీసు గోడకు అతికిస్తాం. జవాబు రాకపోతే, ఇదే అర్జీని నీళ్ల పరీక్షల కాగితాలతో సహా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచి ముందు పెడతాం. అందుకు కావలసిన సంతకాల సేకరణ ఊళ్లో మొదలైంది.

ఇట్లు,
పలమనేరు ప్రాంతపు ఒక పాడి రైతు, తోటి రైతుల తరఫున